పుట్ అంటే పెట్టడం, మరి పుట్ ఆఫ్ అంటే?

కాస్త పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి.

నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ మన గ్రూపులో ఒకే ప్రశ్న వస్తోంది. "అక్కా, టెన్సులు, ఆర్టికల్సు ఎట్టాగో నెట్టుకొస్తన్నాం. ఈ ఫ్రేజల్ వెర్బ్స్ మాత్రం బుర్రలో నిలవట్లేదు. ఏం చెయ్యాలి?" మొన్న ఒక చెల్లి వంద మాటల లిస్టు పెట్టి, "ఇవి బట్టీ పడితే సరిపోయిద్దా?" అని అడిగింది. సరిపోదు చెల్లీ. ఎందుకు సరిపోదో, మరి ఏం చేస్తే సరిపోతుందో చెబుదామనే ఈ రాత.

మాది వినుకొండ అవతల బొల్లాపల్లి మండలంలో ఒక తాండా. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, హాస్టల్లో ఉన్నప్పుడు ఇంగ్లీషు. అంటే నాకు ఇంగ్లీషు మూడో భాష. మీలో చాలామందికీ అంతే. ఇప్పుడు గుంటూరులో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నా. పుస్తకాల్లో ఉన్న సంగతులు మీకూ దొరుకుతాయి. నాకు చేనులో, కల్లంలో, కోర్టు తీర్పుల్లో కనపడిన సంగతులు చెబుతా.

ముందు భయం పోగొట్టుకుందాం. మీకు ఫ్రేజల్ వెర్బ్స్ రావు అనుకుంటున్నారు గదా, ఈ మూడు మాటలు చూడండి. లాక్, లాకప్, లాక్‌డౌన్. లాక్ అంటే తాళం, ఇంటికి వేసేది. దాని పక్కన అప్ చేరితే లాకప్, మనిషిని లోపల వేసేది. డౌన్ చేరితే లాక్‌డౌన్, 2020 మార్చి 25 నుంచి దేశం మొత్తాన్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టింది. మిరపకోతకు ఊరుగాని ఊరు వచ్చిన కూలీలకు ఆ మాట అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. లాక్ ఒకటే. మారిందల్లా వెనక వచ్చిన చిన్న మాట.

ఇంకా కావాలా? కట్ అంటే కోత. కటాఫ్ అంటే మనకు సీటు వచ్చిందో పోయిందో చెప్పే మార్కు. కటౌట్ అంటే సినిమా హాలు ముందు నిలబెట్టే హీరో బొమ్మ. డ్రాప్ అంటే చుక్క, లేదా దించడం. డ్రాపౌట్ అంటే పత్తి తీతల కాలంలో బడి మానేసి, మళ్ళీ బడి మొహం చూడని పిల్ల. ఆ మాట మన తాండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల వాడల్లో ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా తెలుసు. చెకప్, పికప్, స్విచ్ఛాఫ్, లాగిన్, లాగౌట్, టేకోవర్, అన్నీ ఇవే. అంటే మీ నోట్లో ఇప్పటికే ఇరవై ముప్పై ఉన్నాయి.

మరి పరీక్షలో ఎందుకు తప్పుతున్నాయి? ఎందుకంటే మనకు వెర్బు ఒక్కటే నేర్పారు. పుట్ అంటే పెట్టు, లుక్ అంటే చూడు, గివ్ అంటే ఇవ్వు, కాల్ అంటే పిలువు. పక్కన ఉన్న ఆఫ్, అప్, ఇన్, అవుట్ అనేవి తోకల్లాంటివి, వదిలేసినా నష్టం లేదు అన్నట్టు చెప్పారు. నిజానికి ఈ జతల్లో వాక్యం ఎటు తిరుగుతుందో చెప్పేది ఆ తోకే.

ఆ తోక ఖరీదు ఎంతో మా ఇంట్లో చూశాం. మా బాబాయి కొడుకు నరసరావుపేటలో డిగ్రీ చేశాడు. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగానికి పెట్టుకుంటే ఇంటర్వ్యూ తేదీ ఇచ్చారు. రెండు రోజుల ముందు ఫోనుకు పొట్టి మెసేజి ఒకటి వచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ పుట్ ఆఫ్, విల్ కాల్ యూ అని. వాడు పుట్ చూశాడు, అంటే ఇంటర్వ్యూ పెట్టారు. కాల్ చూశాడు, అంటే పిలుస్తారు. సంతోషంగా బయల్దేరాడు. మా పిన్ని మేస్త్రీ దగ్గర పత్తి తీతకు అడ్వాన్సు తీసుకుని ఛార్జీలకు ఇచ్చింది. రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే ఆ కంపెనీ గేటు దగ్గరకు పోతే, వాచ్‌మన్ చెప్పాడు, "ఇవాళ ఏం లేదు బాబూ, వాయిదా పడింది" అని. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. ఇంకో పది రోజులకు వాళ్ళు నిజంగానే పిలిచారు. అప్పటికి ఇంట్లో మళ్ళీ ఛార్జీలకు డబ్బు లేదు, పాత అడ్వాన్సే తీరలేదు. పోలేదు. ఆ ఏడు మిరపకోతలు అయ్యేదాకా వాడూ పిన్నితో పాటు చేనుకే పోయాడు.

వాణ్ణి నేను తప్పుపట్టను. వాడికి పుట్ నేర్పినవాళ్ళు ఆఫ్ నేర్పలేదు. ఇంకో సంగతి. అదే మెసేజిలో కాల్డ్ ఆఫ్ అని ఉంటే రద్దు అయినట్టు. పుట్ ఆఫ్ అయితే తర్వాత ఉంటుంది, కాల్ ఆఫ్ అయితే ఇక లేదు. రెండింటిలోనూ ఆఫ్ ఉంది. ముందు మాట, వెనక మాట కలిపి ఒక్క ముద్దగా చూడాలి తప్ప విడదీస్తే దొరకదు.

ఇక అసలు సంగతికి వస్తా. ఇది మనకు కొత్త విద్య కాదు. మన తెలుగు రోజంతా ఇదే పని చేస్తుంది. ఇంగ్లీషు వెర్బు వెనక చిన్న మాట తగిలిస్తుంది. తెలుగు క్రియ వెనక ఇంకో చిన్న క్రియ తగిలిస్తుంది. కొను, వేయు, పోవు, పెట్టు, ఇలాంటివి.

మిరప కల్లంలోకి రండి. ఎండు అనే మాట తీసుకోండి. కాయ ఎండింది. మనం ఎండబెట్టాం. బావి ఎండిపోయింది. మీటింగులో నాయకుణ్ణి ఎండగట్టారు. నాలుగింటిలోనూ ఎండే ఉంది. కానీ ఎండగట్టడంలో కాయా లేదు, కల్లమూ లేదు, మనిషి తప్పును నలుగురిలో పెట్టడం ఉంది. ఇది మీకు ఎవరూ బట్టీ పెట్టించలేదు. ఇంగ్లీషులో కాయలు డ్రై అవుతాయి, బావి డ్రై అప్ అవుతుంది. ఎండడం, ఎండిపోవడం. సరిగ్గా అదే తేడా.

ఇప్పుడు ఏరడం. కల్లంలో ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరతారు, చూశారు గదా. గుంటూరు మిర్చి యార్డులో తాలుకు వేరే ధర, అందుకని మంచికాయలో కలవనివ్వరు. ఆ పనిని మనం ఏరెయ్యడం అంటాం. ఇంగ్లీషులో పిక్ అవుట్. చేనులో పత్తి తీస్తే పిక్. నింపిన బోరెం భుజానికి ఎత్తుకుంటే పిక్ అప్. ఆటోవాడు పొద్దున్నే తాండా దగ్గరకు వచ్చి కూలీలను ఎక్కించుకుంటే అదీ పిక్ అప్పే. వింటూ వింటూ ఒక భాష పట్టుకుంటే అదీ పిక్ అప్పే. హాస్టల్లో సీనియర్లు మీలో ఒకణ్ణే పట్టుకుని రోజూ ఏడిపిస్తే అది పిక్ ఆన్. పత్తి ఏరే చేతితోనే అన్నీ వచ్చాయి.

కొట్టు సంగతి ఇంకా బాగుంటుంది. కొట్టాడు, దెబ్బ. కొట్టుకున్నారు, ఇద్దరూ. వాగులో కొట్టుకుపోయింది, దెబ్బే లేదు. పర్సు కొట్టేశాడు, దొంగతనం. లిస్టులో పేరు కొట్టేశారు, తీసేశారు. కోర్టు జీవో కొట్టేసింది, చెల్లదంది. ఈ చివరి రెండూ ఇంగ్లీషులో చూడండి. స్ట్రైక్ అంటే కొట్టు. స్ట్రైక్ ఆఫ్ అంటే పేరు కొట్టెయ్యడం. స్ట్రైక్ డౌన్ అంటే చట్టాన్నో జీవోనో కొట్టెయ్యడం. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి తెలుగు, అయినా ఆలోచన ఒకే దారిలో పోయింది.

హిందీ వచ్చినవాళ్ళు అక్కడా చూడొచ్చు. మారా అంటే కొట్టాడు, మార్ డాలా అంటే చంపేశాడు. మన గోర్ బోలి కూడా ఆ కుటుంబం భాషే. ఎరుకల భాష తమిళానికి దగ్గరగా ఉండే ద్రావిడ భాష. యానాదులూ చెంచులూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఎవరి భాష వాళ్ళు తిరగేసి చూడండి, మాట వెనక మాట చేరి అర్థం మారే చోట్లు తప్పకుండా దొరుకుతాయి.

స్ట్రైక్ డౌన్ అన్నాను గదా, ఆ మాట మన బతుకుల్లోకి ఎట్టా వచ్చిందో చెప్పకుండా ముందుకు పోలేను. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాల్లో ఉన్న బడుల్లో టీచరు పోస్టులు మొత్తం, అంటే నూటికి నూరు శాతం, స్థానిక గిరిజనులకే అని. దాని మీద కేసు నడిచింది. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని అప్‌హోల్డ్ చేసింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని స్ట్రైక్ డౌన్ చేసింది. నూరు శాతం చెల్లదు అంది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కదిలించలేదు. లాక్‌డౌన్‌లో ఫోను పట్టుకుని కూర్చున్న మనవాళ్ళలో ఎంతమంది ఆ వార్త చదివి ఉంటారో ఆలోచించండి.

ఇందులో ఇంగ్లీషు పాఠం ఏంటంటే, కోర్టు హెల్డ్ అంటే "కోర్టు ఇలా తేల్చింది" అని మాత్రమే. ఎటు తేల్చిందో ఆ తర్వాత చదవాలి. అప్‌హెల్డ్ అంటే కింది తీర్పునో జీవోనో నిలబెట్టింది. ఇక్కడ అప్ ముందుకు వచ్చి కూర్చుంది, అయినా పని అదే. స్ట్రక్ డౌన్ అంటే కొట్టేసింది. సెట్ అంటే అమర్చడం, కానీ సెట్ అసైడ్ అంటే కింది కోర్టు ఉత్తర్వును పక్కన పడేసింది, రద్దు చేసింది. విత్‌హెల్డ్ అంటే ఆపిపెట్టారు. మీ రిజల్టు ఎదురుగా ఆ మాట కనపడితే ఫెయిలయినట్టు కాదు, పోయి కారణం కనుక్కోవాలన్నట్టు. ఇంగ్లీషు పేపర్లో ఒక తీర్పు వార్త చదివి మనం గెలిచామా ఓడామా తెలియాలంటే ఈ అయిదు జతలు వస్తే చాలావరకు పనైపోతుంది.

ఇంకో చిన్న మాట కూడా ఆ జీవోలోనే ఉంది. అది మన గుంటూరు, ప్రకాశం వైపు పిల్లలకు అప్లై కాలేదు. ఎందుకంటే మనది మైదానం, షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఈ అప్లై అనే మాటను చూడండి. పక్కన ఏమీ లేకుండా అప్లై ఆయిల్ అంటే నూనె రాయడం. అప్లై ఫర్ అంటే ఉద్యోగానికో స్కాలర్‌షిప్పుకో దరఖాస్తు పెట్టడం. అప్లై టు అంటే ఒక కాలేజీకో ఆఫీసుకో దరఖాస్తు పంపడం. కానీ ఒక రూలు అప్లైస్ టు అని ఉంటే, ఫలానావాళ్ళకు వర్తిస్తుంది అని. నోటిఫికేషన్లో వయసు సడలింపు దగ్గర, ఫీజు మినహాయింపు దగ్గర ఈ టు తర్వాత ఎవరి పేరు ఉందో చూడండి. అక్కడ ఎస్టీ అని ఉంటే ఆ హక్కు మీది. చూడకుండా ఫీజు కట్టేసినవాళ్ళను నేను చాలామందిని చూశా.

ఇక లుక్. ఇది నా క్లాసులో ఎప్పుడూ ముందు చెప్పే మాట, ఎందుకంటే మనల్ని లోకం చూసిన చూపులన్నీ ఇందులో ఉన్నాయి. లుక్ ఎట్ అంటే చూడటం. లుక్ ఫర్ అంటే వెతకడం. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. లుక్ ఇంటు అంటే లోతుకు పోయి విచారించడం. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. లుక్ అప్ టు అంటే గౌరవంగా తలెత్తి చూడటం. ఇక ఓవర్‌లుక్ అంటే చూసీ చూడనట్టు వదిలెయ్యడం.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం తెలియనివాళ్ళు లేరు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే నేరస్తులన్నారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఎరుకలవాళ్ళ కోసం ఆ సెటిల్‌మెంటు వెలిసింది. దానికి అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. ఆ చట్టం కింద హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. 1952లో చట్టం పోయింది. చట్టం పోయినా, లుక్ డౌన్ ఆన్ పోయిందా? ఎక్కడైనా పర్సు పోతే లుక్ ఫర్ అంటూ ఎవరి వాడకు వస్తారు? లుక్ ఆఫ్టర్ చెయ్యాల్సిన ఆఫీసుకు మనం అర్జీ పెడితే, విల్ లుక్ ఇంటు ఇట్ అని రాసి పంపిస్తారు. అంటే "విచారిస్తాం" అన్నారు, "చేస్తాం" అనలేదు. ఆ తేడా తెలిసినవాడు నెల తర్వాత మళ్ళీ పోయి, ఏం విచారించారు అని అడుగుతాడు. తెలియనివాడు పనైపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటాడు. నేను ఇంగ్లీషు నేర్చుకోమనేది ఇందుకు. గొప్పకు కాదు.

సరే, ఎట్టా నేర్చుకోవాలి?

మొదటిది, వెర్బుల లిస్టు కాకుండా తోకల లిస్టు రాసుకోండి. ఒక్కో తోకకూ ఒక దారి ఉంటుంది. అప్ చాలాసార్లు "పూర్తిగా" అని చెబుతుంది. ఈట్ అప్ అంటే తినెయ్, యూజ్ అప్ అంటే వాడెయ్, డ్రై అప్ అంటే ఎండిపోవడం. మన "ఎయ్", "పో" లాగా. ఆఫ్ తెంపుతుంది. కటాఫ్, స్విచ్ ఆఫ్, స్ట్రైక్ ఆఫ్, పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, అన్నిటిలో ఏదో ఒకటి తెగింది. అవుట్ బయటకు తెస్తుంది. పిక్ అవుట్, డ్రాపౌట్, ఫైండ్ అవుట్ అంటే కనుక్కోవడం, హ్యాండ్ అవుట్ అంటే పంచడం. డౌన్ దించుతుంది లేదా కాదంటుంది. టర్న్ డౌన్ అంటే తిరస్కరించడం, స్ట్రైక్ డౌన్, షట్ డౌన్. ఓవర్ చాలాచోట్ల చేతులు మారుస్తుంది. హ్యాండ్ ఓవర్ అంటే అప్పగించడం, టేక్ ఓవర్ అంటే స్వాధీనం చేసుకోవడం. భూమి కాగితాల్లో హ్యాండ్ ఓవర్, గివ్ అప్, సైన్ అవే కనపడితే పెన్ను పక్కన పెట్టండి. సైన్ అంటే సంతకం. సైన్ అవే అంటే సంతకం పెట్టి హక్కు వదిలేసుకోవడం.

రెండోది, కొన్ని ఏ దారికీ లొంగవు. గివ్ అప్‌లో పైకి పోయేది ఏమీ లేదు, ప్రయత్నాన్నో హక్కునో వదిలెయ్యడం అది. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. ఇలాంటివి ఒక పేజీలో విడిగా రాసి వాక్యంతో సహా గుర్తుపెట్టుకోండి. వందలో ఇవి తక్కువే.

మూడోది, పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడ. ఇట్, హిమ్, దెమ్ లాంటి మాటలు వస్తే ఎక్కడ పెట్టాలి? కొన్ని జతలు మధ్యలో చోటిస్తాయి. పుట్ ఇట్ ఆఫ్, ఫిల్ ఇట్ ఇన్, టర్న్ ఇట్ డౌన్. పుట్ ఆఫ్ ఇట్ అంటే తప్పు. కొన్ని జతలు చోటివ్వవు. లుక్ ఆఫ్టర్ హర్, లుక్ ఇంటు ఇట్, అప్లై ఫర్ ఇట్. లుక్ హర్ ఆఫ్టర్ అంటే తప్పు. నోట్సులో రాసుకునేటప్పుడే మధ్యలో ఇట్ పెట్టి రాసుకోండి, ఏది ఏ రకమో చెయ్యే గుర్తుపెట్టుకుంటుంది.

నాలుగోది, ప్రతి జత పక్కన అర్థం రాసేటప్పుడు గైడులో ఉన్న తెలుగు రాయకండి. "తాత్కాలికముగా నిలుపుదల చేయుట" అని రాస్తే అది ఇంకో పరాయి భాష. పుట్ ఆఫ్ పక్కన "వాయిదా" అనో, మీ ఇంట్లో వాడే మాటో రాయండి. లుక్ ఆఫ్టర్ పక్కన "చూసుకో" రాయండి. మా క్లాసులో ఒక యానాది తమ్ముడు టర్న్ డౌన్ పక్కన "పోపొమ్మన్నారు" అని రాసుకున్నాడు. వాడికి అది మళ్ళీ తప్పలేదు.

రోజుకు మూడు జతలు చాలు. పొద్దున పేపర్లోనో ఫోనులోనో కనపడినవే తీసుకోండి. రెండు నెలల్లో నూట ఎనభై అవుతాయి.

మా బాబాయి కొడుకు ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. ఏ మెసేజి వచ్చినా నాకు ఫార్వర్డ్ చేసి, "అక్కా, నాకు ఇట్టా అర్థమైంది, కరెక్టేనా?" అని అడుగుతాడు. ఈ మధ్య ఎక్కువసార్లు కరెక్టే. మీకూ ఏదైనా లెటరు, మెసేజి, నోటీసు అర్థం కాకపోతే బయల్దేరకముందు, సంతకం పెట్టకముందు ఇక్కడ పెట్టండి. మనలో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది.

చివరగా ఒక పని. మీ ఇంటి భాషలో, గోర్ బోలి గానీ ఎరుకల గానీ మీ ఊరి తెలుగు గానీ, వెనక మాట చేరితే అర్థం మారిపోయే జత ఒక్కటి వెతికి కింద రాయండి. అమ్మను అడగండి, నాయనమ్మను అడగండి. అన్నీ పోగయ్యాక వాటి పక్కన ఇంగ్లీషు జతలు పెట్టి ఒక లిస్టు చేసి మళ్ళీ గ్రూపులో పెడతా. బజారులో దొరికే గైడుల కన్నా అది మన పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.